స్టేజ్-2 ఆర్వోగా వెళ్తున్న మేనకోడలికి

బిడ్డా,

తెలంగాణ పంచాయతీ ఎన్నికల మూడో విడతలో, 2025 డిసెంబర్ 17న, నీకు స్టేజ్-2 ఆర్వో డ్యూటీ, అంటే పోలింగ్, లెక్కింపు, ఫలితం చూసుకునే రిటర్నింగ్ ఆఫీసర్ డ్యూటీ పడిందని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. తిండి కూడా సరిగా తినకుండా టెన్షన్ పడుతున్నావట. రిటైరయ్యేదాకా అసెంబ్లీకి, పార్లమెంటుకి, పంచాయతీకి అన్నింటికీ డ్యూటీ చేసినవాణ్ణి కాబట్టి నాకు తెలిసింది రాస్తున్నాను.

అసెంబ్లీ ఎన్నికలో పీవో (పోలింగ్ కేంద్రం బాధ్యత చూసే ప్రిసైడింగ్ ఆఫీసర్) పని మిషన్లకు సీలు వేసి రిసెప్షన్ సెంటర్‌లో అప్పజెప్పడంతో అయిపోతుంది. లెక్కపెట్టేది వేరేవాళ్లు, వేరే రోజు. పంచాయతీకి అట్లా కాదు. పొద్దున ఏడింటికి పోలింగ్ మొదలు, ఒంటిగంటకు బంద్, రెండింటి నుంచి లెక్కింపు, ఫలితం చెప్పగానే ఉప సర్పంచ్ ఎన్నిక. ఊరి పాలకవర్గం మొత్తం ఒక్కరోజులో నీ కళ్ల ముందే ఏర్పడుతుంది. 2024 ఫిబ్రవరి నుంచి ఇన్నాళ్లూ ఆ ఊళ్లన్నీ ఎన్నికైన పాలకవర్గం లేక, సర్కారు పెట్టిన స్పెషల్ ఆఫీసర్ల చేతిలోనే ఉన్నాయి. వీధిలైటు వెలగకపోతే ఎవరిని అడగాలో తెలియక విసిగిపోయిన జనం వాళ్లు. వాళ్లకు ఆ రోజు ఎంత ముఖ్యమో నీకు అక్కడికి వెళ్లాక తెలుస్తుంది.

నేను మరీ మరీ చెప్పేది ఒకటే. ఏ పని చేసినా ఓడిపోయేవాడి ఏజెంటుకు కనబడేలా చెయ్యి. గెలిచినవాడు నీ లెక్కను ఎట్లాగూ నమ్ముతాడు. ఓడినవాడు తెల్లారి లేచి అదే వీధిలో, గెలిచినవాడి ఇంటి ముందు నుంచే నడవాలి. ‘ఓట్లు రాలేదు, ఓడిపోయాను’ అని వాడు అనుకుంటే ఊరు ప్రశాంతంగా ఉంటుంది. ‘లోపల ఏదో చేశారు’ అనుకుంటే ఐదేళ్లూ పంచాయితీలే. అందుకే పెట్టె ఖాళీగా ఉందని చూపించేటప్పుడు తలకిందులు చేసి, అందరి ముందుకూ తిప్పి చూపించమని నీ పీవోలకు చెప్పు. సీలు నంబర్లు ఏజెంట్లనే రాసుకోమను.

డిస్ట్రిబ్యూషన్ సెంటర్‌లో సామాను తీసుకోగానే బ్యాలెట్లు విప్పి చూసుకో. గులాబీ రంగువి సర్పంచ్‌కి, తెల్లవి వార్డు మెంబర్‌కి. ఏ వార్డు తెల్లవి ఆ వార్డుకే వెళ్లాలి. ఒక వార్డులో మెంబర్ ఏకగ్రీవం అయ్యుంటే అక్కడ గులాబీది ఒక్కటే ఇస్తారు. ‘మాకు తెల్లది ఎందుకియ్యలేదు’ అని ముసలివాళ్లు గొడవపడతారు, ఓపిగ్గా చెప్పాలి. ఏకగ్రీవం అంటే గుర్తొచ్చింది. కొన్ని ఊళ్లల్లో గుడికి ఇన్ని లక్షలు ఇస్తానన్నవాడికి పదవి రాసిస్తున్నారు. అది ఏకగ్రీవం కాదు, వేలంపాట. ఓటేసే హక్కును ఊరి పెద్దలు నలుగురు కూర్చుని అమ్మేయడం నాకు ఎప్పటికీ మింగుడుపడదు.

బ్యాలెట్ వెనక పీవో సంతకం లేకపోతే లెక్కింపులో పెద్ద తగువు అవుతుంది. రద్దీ పెరిగాక సంతకాలు మరిచిపోతారు, కాబట్టి నువ్వు తిరిగినప్పుడల్లా అదే చూడు. ఇంకొకటి మడత. బ్యాలెట్‌ను ముందు నిలువుగా, తర్వాత అడ్డంగా మడిచి ఓటరుకు చూపించాలి. నిలువు మడతలో తడి సిరా అంటుకున్నా అదే అభ్యర్థి గడిలో పడుతుంది. ముందే అడ్డంగా మడిస్తే కింది అభ్యర్థి గుర్తు మీద పడి, రెండు ఓట్లు వేసినట్టు కనబడుతుంది. అట్లాంటి బ్యాలెట్ నీ టేబుల్ మీదికి వస్తే కంగారుపడకు. స్వస్తిక్ ముద్రను దగ్గరగా చూడు. అసలు ముద్ర కొమ్ములు ఒకవైపు తిరిగి ఉంటాయి, అంటుకున్న మరకలో అద్దంలో చూసినట్టు రెండోవైపు తిరిగి ఉంటాయి. ఆ తేడా తెలియాలనే ఆ ముద్ర పెట్టారు. రెండు వర్గాల ఏజెంట్లకూ చూపించి, అసలు ముద్ర ఎవరికి పడిందో వాళ్లకే లెక్కెయ్యి. ఇద్దరి గడుల్లో నేరుగా ముద్ర వేసినవి, ఏమీ వేయనివి, ముద్రకు బదులు వేలిముద్ర వేసినవి, పేరో సంతకమో రాసినవి చెల్లవు. తక్కువ తేడాతో తేలే ఊళ్లల్లో గొడవంతా ఈ చెల్లని ఓట్ల కట్ట దగ్గరే.

పట్నం నుంచి ఓటర్లను కార్లల్లో, బస్సుల్లో దింపుతారు. ఏజెంట్లకు ఊళ్లో ప్రతి మొహం తెలుసు కాబట్టి ‘ఈమె ఆమె కాదు’ అన్న అభ్యంతరాలు వస్తూనే ఉంటాయి. పీవో ఆ ఓటరు గుర్తింపు కార్డు చూసి అక్కడికక్కడే తేల్చాలి, వాయిదా వెయ్యకూడదు. ఒకరి ఓటు ముందే ఎవరో వేసిపోయారని తేలితే, అసలు మనిషిని ఉత్తచేతులతో పంపొద్దు. టెండర్ బ్యాలెట్ ఇవ్వాలి, అది పెట్టెలో వెయ్యకుండా కవర్లో పెట్టాలి. ఒంటిగంటకు లైన్లో ఎంతమంది ఉన్నా అందరికీ ఓటు ఉంటుంది. చీటీలు చివర నిలబడ్డవాడి నుంచి మొదలుపెట్టి ముందుకు ఇస్తూ రావాలి.

చిన్న ఊళ్లో ఒక వార్డుకు వందమంది ఓటర్లు ఉంటే, ఏ ఇంటి ఓటు ఎటు పోయిందో ఊహించడం కష్టం కాదు. లెక్కింపులో ఎవరో ఒకరు ‘ఇది ఫలానా వాళ్లదే’ అని తప్పకుండా అంటారు. వెంటనే నోరు మూయించు. ఆ ఒక్క మాట మీద ఓ ఇంటికి రేపు నీళ్ల పైపు రాకుండా పోవచ్చు.

లెక్క తేలాక ఇంకో ప్రశ్న వస్తుంది. తొమ్మిది వందల ఓట్లు పోలై, నలుగురు పోటీలో ఉండి, ఒకాయనకు మూడు వందల పది వచ్చాయనుకో. ‘ఊళ్లో సగం మంది కూడా వెయ్యలేదు, సర్పంచ్ ఎట్లయ్యాడు?’ అంటారు. మన దగ్గర సగం దాటాలన్న నిబంధన లేదు, మిగతా ఒక్కొక్కరి కంటే ఒక్క ఓటు ఎక్కువ వస్తే చాలని చెప్పు. ఎమ్మెల్యేకైనా ఎంపీకైనా ఇదే లెక్క. 1989లో అనకాపల్లి లోక్‌సభ సీటు తొమ్మిదే ఓట్ల తేడాతో తేలింది. ఈ పద్ధతిలో ఓట్లు చీలితే తక్కువ మంది మెచ్చినవాడు గెలవొచ్చు, ఆ లోటు నిజమే. ఊరివాళ్లు నిన్ను అడిగితే దాన్ని దాచిపెట్టి మాట్లాడకు. ఇద్దరికీ సమానంగా వస్తే మాత్రం లాటరీయే. చీటీలు రాయడం, మడవడం, కలపడం అన్నీ వాళ్ల ముందే జరగాలి, ఇద్దరికీ సంబంధం లేనివాళ్లతో తీయించు. రీకౌంటింగ్ అడిగితే కారణంతో రాసిమ్మను, నువ్వు కూడా ఒప్పుకున్నా కాదన్నా కారణం రాసే ఇవ్వు.

అసలు టెన్షన్ అప్పుడు మొదలవుతుంది. సర్పంచ్‌ను ఊరంతా నేరుగా ఎన్నుకుంటుంది, ఉప సర్పంచ్ మాత్రం వార్డు మెంబర్లలోంచి, చేతులెత్తే పద్ధతిలో వస్తాడు. పొద్దున రహస్యంగా వేసిన ఓటు రాత్రికి బహిరంగం అవుతుంది. సర్పంచ్ ఒక వర్గం, మెంబర్లలో ఎక్కువమంది ఇంకో వర్గం అయితే ఇక చూడు! 2018 పంచాయతీరాజ్ చట్టం సర్పంచ్‌కీ ఉప సర్పంచ్‌కీ కలిపి చెక్ పవర్, అంటే పంచాయతీ చెక్కుల మీద సంతకం పెట్టే అధికారం ఇచ్చింది కాబట్టి ఆ కుర్చీకి విలువ పెరిగింది. మండలంలో ఎంపీపీని, జిల్లాలో జడ్పీ చైర్‌పర్సన్‌ను సభ్యులే ఎన్నుకోవాలని రాజ్యాంగం 243సీ అధికరణంలోనే ఉంది. సర్పంచ్ విషయం మాత్రం రాష్ట్రాలకు వదిలేశారు. నేరుగా ఎన్నుకోవడమే మంచిదని నా అభిప్రాయం, ఎందుకంటే మెంబర్లను క్యాంపులకు తీసుకెళ్లడం కంటే ఊరందరినీ తీసుకెళ్లడం కష్టం.

ఉప సర్పంచ్ ఎన్నికకు మెంబర్లు సగం మందైనా రావాలి. రాకపోతే ఫోన్ల మీద ఫోన్లు వస్తాయి, ‘ఇంకాసేపు ఆగండి మేడమ్’ అంటారు. ఆగమన్నది ఎవరో, టైమెంతో రాసుకో. జరగకపోతే మర్నాడు పెట్టొచ్చు, ఎవరి బెదిరింపుకో తల ఒగ్గి కోరం లేకుండా, అంటే ఆ సగం మంది రాకుండా పేరు ప్రకటించకు. డిసెంబర్‌లో పొద్దు త్వరగా గూకుతుంది కాబట్టి రెండు చార్జింగ్ లైట్లు సిద్ధం చేయమని పంచాయతీ సెక్రటరీకి ముందురోజే చెప్పు.

ఆదివారం వీలు చూసుకుని ఇంటికి రా. ట్రైనింగ్‌లో ఇచ్చిన హ్యాండ్‌బుక్ తెచ్చుకో, చెల్లని ఓట్ల పేజీలు ఇద్దరం కూర్చుని చదువుదాం. మీ అత్తయ్య జొన్నరొట్టెలు చేస్తానంటోంది.

నీ మేనమామ