టెక్ సందేహాలు: గన్ బాగానే ఉంది, స్క్వేర్ ఎందుకు విరుగుతోంది?

కోరాపుట్ నుంచి సాలూరు వెళ్లే 26వ నంబర్ హైవే పక్కన మాకు టైర్ల షాపు ఉంది. హాఫ్ ఇంచ్ బ్యాటరీ ఇంపాక్ట్ గన్ కొన్నాను. డబ్బా మీద టార్క్ (మెలితిప్పే బలం) 1,000 న్యూటన్ మీటర్లని రాసి ఉంది. అడాప్టర్ తగిలించి లారీ వీల్ నట్లు విప్పుతున్నాం. ఏడాది తిరక్కుండానే ముందున్న స్క్వేర్ (సాకెట్ తగిలించే చదరపు కొస) రెండుసార్లు విరిగింది. గన్ నకిలీదా సార్?

మీరు పంపిన ఫొటోలో నాకు వేరే కారణం కనిపిస్తోంది. విరిగిన ముక్కను ఎండలో పెట్టి చూడండి. సాకెట్‌ని పట్టి ఉంచే పిన్ను కోసం వేసిన చిన్న రంధ్రం ఉంది కదా, దాని అంచున నెలవంక ఆకారంలో నున్నటి మచ్చ, అందులో వరసగా సన్నటి గీతలు కనిపిస్తాయి. మిగతా భాగమంతా పంచదార పలుకుల్లా గరుగ్గా ఉంటుంది. ఆ నున్నటి మచ్చ పాత పగులు. రోజుకు కొంచెం చొప్పున లోపలికి పాకింది. గరుకు భాగం మాత్రం ఆఖరి నట్టు దగ్గర ఒక్కసారిగా తెగింది. దెబ్బలు తిని తిని ఇనుము అలసిపోయిందన్నమాట.

గన్‌లో మోటారు నట్టును నేరుగా తిప్పదు. లోపల ఒక సుత్తిని తిప్పుతుంది. నట్టు మొరాయించగానే సుత్తి స్ప్రింగును నొక్కుకుంటూ వెనక్కి జరిగి, వదులై, ఆన్విల్ (దెబ్బలు తిని తిరిగే ఇరుసు) చెవుల మీద కొడుతుంది. మామూలుగా చుట్టుకు రెండు దెబ్బలు. ఆ ఆన్విల్ చివరి కొసే మీ స్క్వేర్. దెబ్బల జోరంతా ఆ వేలెడు ముక్కలోంచే దాటాలి.

మెలిపెట్టినప్పుడు స్క్వేర్ ఎంత తట్టుకుంటుందనేది దాని భుజం కొలత ఘనాన్ని బట్టి ఉంటుంది. ఒకే ఉక్కుతో చేస్తే ముప్పావు ఇంచ్ స్క్వేర్ హాఫ్ ఇంచ్ కంటే దాదాపు 3.4 రెట్లు, ఒక ఇంచ్‌ది 8 రెట్లు ఓర్చుకుంటుంది. హాఫ్ ఇంచ్‌కి అడాప్టర్ తగిలిస్తే పెద్ద సాకెట్ వస్తుంది గానీ, దారిలో సన్నటి చోటు అలాగే ఉండిపోతుంది. పైగా అతుకు దగ్గర కొంచెం ఆట పెరుగుతుంది. ఆ ఆటలో అంచులు అరిగి గుండ్రమవుతాయి, ప్రతి దెబ్బలో కొంత అక్కడే వృథా అవుతుంది. ఇక డబ్బా మీద పెద్దక్షరాల్లో వేసే అంకె చాలాసార్లు విప్పేటప్పటిది. బిగించే టార్క్ అంతకంటే తక్కువే ఉంటుంది.

కార్లు, ఆటోలకు మీ గన్ ఉంచుకోండి. లారీలకు ముప్పావు ఇంచ్, కుదిరితే ఒక ఇంచ్ గన్ తీసుకోండి. ఖర్చే, కాదనను. కానీ ఆన్విల్ మూడోసారి మార్పించే ముందు లెక్క వేసుకోండి.

ఇంకో మాట, ఇది బతిమాలి చెబుతున్నాను. ఫొటోలో పక్కన తళతళలాడే క్రోమ్ సాకెట్లు కనిపించాయి. అవి చేతి పానాకి చేసినవి, గట్టివే గానీ పెళుసు. గన్ దెబ్బకి పగిలి పెంకులై ఎగురుతాయి. చిన్నప్పుడు గుణుపురంలో ఒక షెడ్డులో అలాంటి పెంకు పని నేర్చుకునే అబ్బాయి కనుబొమ్మను చీల్చడం నా కళ్లతో చూశాను. అర అంగుళం కిందైతే కన్నే పోయేది. గన్‌కి నల్లటి ఇంపాక్ట్ సాకెట్లే వాడండి. క్రోమ్ మాలిబ్డినం ఉక్కుతో, గోడ మందంగా ఉంటాయి. పిన్ను, రబ్బరు రింగు తప్పకుండా వేయండి. కుర్రాళ్లకి కళ్లద్దాలు కొనివ్వండి.

చివరి బిగింపు గన్‌తో వద్దు. బండి కంపెనీ చెప్పిన అంకెకు టార్క్ రెంచ్‌తో (ఎంత టార్క్ పడిందో తెలిపే పానాతో) బిగించండి. ఘాట్ దిగబోయే డ్రైవరుకి 50 నుంచి 100 కిలోమీటర్ల తర్వాత నట్లు మళ్లీ చూపించుకోమని చెప్పి పంపండి.

జేకేపూర్‌లో కాంట్రాక్టు ఫిట్టర్ని. ఇరుకు చోట టార్క్ రెంచ్‌కి ముందు క్రోఫుట్ (పక్క నుంచి నట్టును పట్టే, కాకి కాలు లాంటి పానా తల) తగిలిస్తే రీడింగ్ మారుతుందా? ఎక్స్‌టెన్షన్ రాడ్‌కి కూడా లెక్క కట్టాలా అన్నా?

స్క్వేర్‌లో నిటారుగా దిగే రాడ్‌కి లెక్క అక్కర్లేదు తమ్ముడూ, రెంచ్ చూపేదే నట్టుకు అందుతుంది. క్రోఫుట్ పిడికి వరుసలో ముందుకు పొడుచుకు వస్తే మాత్రం చెయ్యి పొడవు పెరిగినట్టే. స్క్వేర్ మధ్య నుంచి పట్టుకునే చోటు వరకు 500 మిల్లీమీటర్లు, క్రోఫుట్ 100 అనుకో. నట్టుకు 300 న్యూటన్ మీటర్లు కావాలంటే 300ని 500తో గుణించి 600తో భాగించు. 250కి సెట్ చేయాలి. క్రోఫుట్‌ని పిడికి అడ్డంగా, 90 డిగ్రీల్లో తిప్పి పెట్టగలిగితే ఈ లెక్కే అక్కర్లేదు. పని అయ్యాక రెంచ్‌ని కనిష్ఠ అంకెకు దించి డబ్బాలో పెట్టు. దానితో తుప్పు పట్టిన నట్లు విప్పకు.

ఫోన్ యాప్‌తో టార్క్ కొలవొచ్చా? మా దగ్గరున్న క్లిక్ రెంచ్ (సెట్ చేసిన టార్క్ రాగానే క్లిక్‌మనే టార్క్ రెంచ్) సరిగా ఉందో లేదో తెలియక టెన్షన్‌గా ఉంది. (గుణుపురం విద్యార్థి)

ఫోన్‌కి కోణం తెలుస్తుంది, బలం తెలియదు. కాబట్టి యాప్ టార్క్ చూపించలేదు. రెంచ్‌ని ఇంట్లోనే ఉజ్జాయింపుగా చూసుకోవచ్చు. స్క్వేర్‌ని వైస్‌లో బిగించి పిడిని నేలకు సమాంతరంగా ఉంచండి. స్క్వేర్ మధ్య నుంచి సరిగ్గా 40 సెంటీమీటర్ల దగ్గర, తూకం వేసిన 25 కిలోల బియ్యం సంచిని తాడుతో మెల్లగా వేలాడదీయండి. 98 న్యూటన్ మీటర్లు పడతాయి, రెంచ్ సొంత బరువుతో ఇంకొంచెం ఎక్కువ. 90కి సెట్ చేస్తే క్లిక్ అనాలి, 115కి పెడితే అనకూడదు. తేడా వస్తే క్యాలిబ్రేషన్‌కి ఇవ్వండి. సంచి కింద కాళ్లు పెట్టకండి.