ఎప్పుడూ వీడియో గేమ్ ఆడనివాళ్లు ‘లింబో’తో మొదలుపెట్టవచ్చా?

తప్పకుండా మొదలుపెట్టవచ్చు. నలభై దాటాక మొదటిసారి ఆడబోతున్నానని, మీ అబ్బాయి ‘లింబో’ పేరు చెప్పాడని, చేతివేళ్లు సహకరిస్తాయో లేదోనని, అందులో పసివాడు చనిపోయే దృశ్యాలు చూడలేనేమోనని రాశారు. నిరుటి వానాకాలంలో నేనూ ఈ రెండు భయాలతోనే ఆ ఆట ముందు కూర్చున్నాను. అప్పటికి నాకు 48 ఏళ్లు. ఫోనులో పదాల ఆటలు తప్ప అంతకుముందు ఏమీ ఆడలేదు.

నేను హైదరాబాద్‌లో ఒక జూనియర్ కళాశాలలో భౌతికశాస్త్రం చెబుతాను. మా అక్క కొడుకు హైటెక్ సిటీలో ఉద్యోగానికి వచ్చి, గది దొరికేదాకా నల్లకుంటలో మా ఇంట్లోనే ఉన్నాడు. ఒక ఆదివారం తన ల్యాప్‌టాప్ నా ముందు పెట్టి, “పిన్నీ, ఇందులో నడవడం, దూకడం, పట్టుకోవడం, అంతే. నేను పక్కన కూర్చోను, నువ్వే చూసుకో” అని బయటికి వెళ్లిపోయాడు. అలా వెళ్లిపోవడమే వాడు నాకు చేసిన మేలు.

తెర మీద నలుపు, తెలుపు, వాటి మధ్య బూడిదరంగు మంచు. అడవిలో గడ్డి మీద ఒక పిల్లవాడు నీడలా పడి ఉన్నాడు. కథ చెప్పే గొంతు లేదు. ఇది నొక్కు, అటు వెళ్లు అనే సూచన లేదు. సినిమా మొదలవుతుందేమోనన్నట్టు ఎదురుచూశాను. ఎంతసేపటికీ ఏమీ జరగలేదు. చివరికి చెయ్యి ఒక మీటకు తగిలితే ఆ నీడలో రెండు తెల్లని చుక్కలు వెలిగాయి. అవి వాడి కళ్లు. మెల్లగా లేచి నిలబడ్డాడు. నేను కదిలిస్తే తప్ప వీడికి వేరే దిక్కు లేదని ఆ క్షణంలో అనిపించింది. ఆట చివరిదాకా ఆ భావం నన్ను వదల్లేదు.

ఈ ఆటను కోపెన్‌హాగెన్‌లోని ప్లేడెడ్ అనే చిన్న సంస్థ 2010లో విడుదల చేసింది. దీని ఊహ ఆర్న్ట్ యెన్సెన్ అనే చిత్రకారుడిది. లింబో అనే మాటకు లాటిన్ మూలంలో అర్థం ‘అంచు’. క్రైస్తవ సంప్రదాయంలో నరకపు అంచున ఉండే చోటుకు ఆ పేరుంది. మనకైతే త్రిశంకు స్వర్గం అంటే చటుక్కున తెలుస్తుంది. పిల్లవాడు తన తోడబుట్టినదాన్ని వెతుక్కుంటూ అక్కడికి వచ్చాడట. ఆ సంగతి కూడా ఆట లోపల ఎక్కడా చెప్పరు, ఆటను పరిచయం చేస్తూ రాసిన ఒకే ఒక్క వాక్యంలో ఉంటుంది. అందులో ‘సిస్టర్’ అనే మాటే ఉంది కాబట్టి అక్కో చెల్లెలో తేలదు. నేను మాత్రం చెల్లెలే అనుకున్నాను. చెల్లెలనుకుంటేనే నా అడుగు ముందుకు పడింది.

ఇక మీరు అడిగిన చావుల సంగతి. ఇది నిజంగా కష్టమైన విషయమే, దాచను. ఆట మొదలైన కొద్దిసేపటికే గడ్డిలో దాగిన ఇనుప ఉచ్చు మీద కాలు పెట్టించాను. ఏం జరిగిందో వర్ణించను. రక్తం ఎర్రగా కనిపించదు, అంతా నలుపే. అయినా నేను ల్యాప్‌టాప్ మూసేశాను, ఆ రోజు మళ్లీ తెరవలేదు. మర్నాడు ప్రయోగశాలలో పిల్లలు లోలకం డోలనాలు లెక్కపెడుతుంటే ఒకమ్మాయి లెక్క తప్పింది. “మళ్లీ మొదటినుంచి చెయ్యి, ఏమీ కాదు” అన్నాను. ఆ మాట అంటుంటేనే ఆ పిల్లవాడు గుర్తొచ్చాడు. సాయంత్రం తెరిచి చూస్తే ఉచ్చుకు కొన్ని అడుగుల వెనుక వాడు ఏమీ కానట్టు నిలబడి ఉన్నాడు. ఇన్ని ప్రాణాలే ఉన్నాయన్న లెక్క లేదు, మార్కులు లేవు, గడియారం లేదు. ఎన్నిసార్లు పోయినా ఆ కొన్ని అడుగులే వెనక్కి. ఇక్కడ చావు శిక్ష కాదు, తప్పిన కొలత. ఇది నా మనసుకు పట్టిన తరవాత భయం తగ్గింది. జాలి మాత్రం తగ్గలేదు, తగ్గకపోవడమే మంచిదనుకుంటాను.

ఒక్క చిక్కుముడి విప్పి చెబుతాను, ఆట మొదట్లోదే. అది కూడా తెలుసుకోవద్దనుకుంటే ఈ పేరా వదిలేయండి. చెట్టు పక్కన చెట్టంత సాలీడు కాచుకుని ఉంటుంది. దగ్గరికి వెళితే బల్లెంలాంటి కాలితో పొడుస్తుంది. దాటే దారి లేదు, కొట్టడానికి మన చేతిలో ఏమీ లేదు. పదిసార్లు పైగా పోయాక దాన్ని ఓడించే ఆలోచన మానేసి ఊరికే చూడటం మొదలుపెట్టాను. అది కాలితో నేలను పొడిచినప్పుడల్లా చెట్టు అదురుతోంది. పైన కొమ్మకు ఏదో వేలాడుతోంది. ఇంకొంచెం కవ్వించి వెనక్కి తగ్గితే ఆ అదురుకు ఇనుప ఉచ్చు కింద పడింది. నిన్న నన్ను చంపిన ఉచ్చులాంటిదే! దాన్ని సాలీడు కాలు పడే చోటికి జరపడమే మిగిలిన పని. ప్రమాదాన్నే పనిముట్టుగా మార్చుకోవడమనే ఈ ఒక్క సూత్రంతో సగం ఆట గడిచిపోతుంది.

భౌతికశాస్త్రం చెప్పేదాన్ని కాబట్టి నాకు ఇంకో ఆనందం దొరికింది. ఇందులో తాడు లోలకంలాగే ఊగుతుంది, చెక్కపెట్టె నీటిలో తేలుతుంది, అయస్కాంతాలున్నాయి, చివరి భాగంలో గురుత్వం దిశ మార్చే మీటలు కూడా ఉన్నాయి. అన్నిటికంటే నాకు నచ్చింది వెలిగే పురుగు. పైనుంచి జారి పిల్లవాడి తలకు అతుక్కుంటుంది. ఇక వాడు ఒకే దిక్కుకు నడుస్తూ పోతాడు, మనం వెనక్కి తిప్పలేం. వెలుతురు తగిలితేనే దిశ మారుతుంది. దూకడం మాత్రం మన చేతిలో ఉంటుంది. చేతినుంచి విసిరిన బంతి ఎక్కడ పడాలో చెయ్యి వదిలే క్షణానికే తేలిపోతుందని క్లాసులో ఏటా చెబుతాను. పురుగు పడకముందే పెట్టె ఎక్కడ ఉండాలో, మీట ఏ స్థితిలో ఉండాలో సరిచూసుకున్న తరవాత గానీ ఆ ఘట్టం నాకు లొంగలేదు. మరుసటి వారం ప్రక్షేపకాల పాఠం ఆ పురుగుతోనే మొదలుపెట్టాను. వెనుక బెంచీలవాళ్లు కూడా తలలెత్తి విన్నారు.

వేళ్ల గురించి దిగులు వద్దు. వేగం కంటే సమయం చూసుకోవడమే ఇక్కడ ముఖ్యం. ఆ సమయాన్ని కళ్లకంటే ముందు చెవులు పట్టుకుంటాయి. సంగీతం దాదాపు లేదు. మార్టిన్ స్టిగ్ ఆండర్సన్ అనే స్వరకర్త గాలిని, లోహపు రొదను, దూరపు గుబగుబను కలిపి ఈ ధ్వని తయారుచేశారు. గోల్కొండ ద్వారం కప్పు కింద చప్పట్లు కొడితే పైన కొండ మీద వినిపిస్తుందని మనందరికీ తెలుసు. శత్రువు కనిపించకముందే కాపలావాడికి ఆ చప్పుడు చేరేది. ఇక్కడ మీరే ఆ కొండ మీది కాపలాదారు. హోటల్ అని రాసిన పెద్ద దీపాల బోర్డు మీదుగా వెళ్లే చోట నేను చాలాసేపు ఆగిపోయాను. చూపు పక్కన పెట్టి కరెంటు చిటపటలు వింటూ కూర్చున్నాక దాటగలిగాను. అందుకే మంచి హెడ్‌ఫోన్స్ లేకుండా ఆడవద్దని గట్టిగా చెబుతాను.

నచ్చనివీ ఉన్నాయి. ఒకచోట పైనుంచి నలిపేసే యంత్రం ఉంటుంది. ఎక్కడ కాలు పెట్టకూడదో ఒక చావుతో నేర్చుకుంటాం. వెంటనే చూడటానికి దాదాపు అలాంటిదే ఇంకొకటి వస్తుంది. అక్కడ ఇందాకటి పాఠాన్ని నమ్మితేనే పోతాం. కొందరు దీన్ని చమత్కారమంటారు. నేను ఒప్పుకోను. ఒక నియమం నేర్పి, నమ్మినందుకు దెబ్బ కొట్టడం బోధన కాదు. అలాగే అడవి వెనకబడి యంత్రాల లోకం మొదలయ్యాక చిక్కుముడులు కఠినమవుతాయి గానీ మనసుకు దూరమవుతాయి. ఆ భాగంలో నాకు సాలీడు మీద బెంగ కలిగిందంటే నమ్మండి.

ఫోనులో కూడా ఈ ఆట ఉంది, కానీ మీరు కంప్యూటర్‌లోనే ఆడండి. చిన్న తెర మీద నలుపులో నలుపు కలిసిపోతుంది. కీబోర్డుతో తాడు ఊపడం నాకు ఇబ్బందిగా ఉండి, సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు వెళ్లి రెండు చేతులతో పట్టుకుని ఆడే కంట్రోలర్ ఒకటి కొనుక్కున్నాను, సులువైంది. మీకు మొదట అవసరం లేదు. అలవాటున్నవాళ్లు నాలుగైదు గంటల్లో పూర్తిచేస్తారు. నాకు పదకొండు సాయంత్రాలు పట్టింది. రోజుకు గంటకు మించి ఆడకండి, ఆగిపోయిన చోటును మనసులో పెట్టుకుని నిద్రపోండి. నాకు రెండుసార్లు ఉదయం కాఫీ కలుపుతుండగా జవాబు తట్టింది. ఇంట్లో చిన్నపిల్లలుంటే వాళ్లు పడుకున్నాకే తెరవండి.

జవాబుల వీడియోలు మాత్రం దయచేసి చూడకండి. ఈ ఆటలో జవాబు తెలిసిపోతే ఇక మిగిలేది నడక మాత్రమే. ముగింపు గురించి కూడా ఎక్కడా చదవకండి. అది చూసిన రాత్రి వాన పడుతుంటే వసారాలో చాలాసేపు ఒక్కదాన్నే కూర్చున్నాను. మా వాడు వచ్చి “అయిపోయిందా పిన్నీ?” అన్నాడు. తలూపాను. వాడు ఇంకేమీ అడగలేదు. అదే సంస్థ 2016లో తెచ్చిన ‘ఇన్‌సైడ్’ను ఇప్పుడు ఆడుతున్నాను, సగంలో ఉన్నాను.

సాలీడు దాటాక ఎక్కడైనా ఆగిపోతే ఇక్కడే రాయండి. జవాబు చెప్పను, తెర మీద ఎటువైపు చూడాలో చెబుతాను.