అద్దె ఇంట్లో కుళాయి ఖర్చు ఎవరిది, గోడలోని పైపు ఖర్చు ఎవరిది?

మీరు చెప్పిన ఇబ్బందులు మూడు. వంటింటి కుళాయి చుక్కలు కారుతోంది, గీజరు నీళ్ళను కాచడం లేదు, స్నానాల గది అవతలి గోడకు చెమ్మ ఎక్కుతోంది. మీరు దిగి ఎనిమిది నెలలైంది కాబట్టి చిన్న రిపేర్లన్నీ మీరే చేయించుకోవాలని ఇంటి యజమాని అంటున్నారు. నేను హైదరాబాదులో, కూకట్‌పల్లి ప్రాంతంలో, పన్నెండేళ్ళు అద్దెకు ఉన్నాను. నాలుగేళ్ళుగా విజయవాడలోని మా ఫ్లాటును అద్దెకు ఇస్తున్నాను. రెండు వైపులా ఉండి చూసిన అనుభవంతో చెబుతున్నాను: లోపం వాడకంలో పుట్టిందా, కట్టడంలో పుట్టిందా అని ముందు తేల్చుకుంటే, ఖర్చు ఎవరు పెట్టాలన్నది చాలావరకు దానంతట అదే తేలుతుంది. మీ మూడింటికీ ఒకే జవాబు లేదు.

ముందుగా చట్టం సంగతి. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టంలోని 108వ సెక్షన్ ప్రకారం అద్దెదారు ఇంటిని తీసుకున్నప్పటి స్థితిలోనే తిరిగి అప్పగించాలి. అయితే మామూలు వాడకం వల్ల వచ్చే అరుగుదలకు ఆయన బాధ్యుడు కాడు. చేయిస్తానని కట్టుబడిన మరమ్మతులను, నోటీసు ఇచ్చాక కూడా, తగిన సమయంలో యజమాని చేయించకపోతే, అద్దెదారు తానే చేయించుకొని ఆ ఖర్చును వడ్డీతో సహా అద్దెలో మినహాయించుకోవచ్చు. ‘కట్టుబడిన’ అన్న మాటలోనే అసలు మెలిక ఉంది. ఒప్పందంలో మరో విధంగా రాసుకుంటే ఆ రాతే చెల్లుతుంది, ఏమీ రాసుకోకపోతే యజమాని దేనికి కట్టుబడ్డారో చూపించడం కష్టమవుతుంది. మన పదకొండు నెలల ఒప్పందాల్లో అద్దె, అడ్వాన్సు, ఖాళీ చేసే గడువు ఉంటాయి గాని, కుళాయి గురించీ పైపు గురించీ ఒక్క వాక్యమైనా ఉండదు.

2021 జూన్‌లో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన నమూనా అద్దె చట్టం ఈ లోటును తీర్చే ప్రయత్నం చేసింది. దాని రెండవ షెడ్యూలులో కట్టడపు మరమ్మతులు, గోడలకు సున్నం, తలుపులకూ కిటికీలకూ రంగు, నీటి పైపుల మార్పిడి, విద్యుత్ వైరింగు యజమాని వంతుగా ఉన్నాయి. కుళాయిలు, వాటి వాషర్లు, కాలువల శుభ్రత, మరుగుదొడ్డి, వాష్‌బేసిన్, గీజరు, స్విచ్చులు, సాకెట్లు, తాళాలు, దోమల మెష్‌లు, పగిలిన కిటికీ అద్దాలు అద్దెదారు వంతుగా ఉన్నాయి. రాష్ట్రం తన చట్టంగా తెచ్చుకుంటే తప్ప ఇది నేరుగా వర్తించదు. అయినా ఇద్దరి మధ్య వాదన వచ్చినప్పుడు ముందు పెట్టుకొని మాట్లాడుకోవడానికి ఇంతకంటె మంచి జాబితా నాకు దొరకలేదు.

ఇక మీ గోడ విషయం. మూడింటిలోనూ దీన్నే మీరు ముందుగా పట్టించుకోవాలి. సరిగ్గా ఇదే ఇబ్బంది మాకూ వచ్చింది. షవరు కింది కుళాయి సరిగా మూసుకోకపోవడం వల్లనే గోడ తడుస్తోందని యజమాని అన్నారు. నేనూ నమ్మి రెండుసార్లు కుళాయి మార్పించాను, చెమ్మ మాత్రం ఆగలేదు. మూడోసారి వచ్చిన పెద్దవయసు ప్లంబరు కుళాయిని ముట్టుకోనే లేదు. ఆ స్నానాల గదికి నీరు వెళ్ళే వాల్వును రెండు రోజులు మూసి ఉంచి, చెమ్మ అంచున పెన్సిలుతో గీత గీసి వెళ్ళాడు. రెండు రోజుల తర్వాత తడి ఆ గీతకు లోపలే ఆగిపోయి, అంచులు ఆరడం మొదలైంది. వాల్వు తిరిగి తెరిచిన మర్నాటికే తడి గీత దాటింది. గోడలో పూడ్చిన పైపు జాయింటు కారుతోందని దానితో తేలిపోయింది. గీతతో సహా ఫోటోలు తీసి పంపించాక యజమాని ఇంకేమీ వాదించలేదు. టైల్స్ పగలగొట్టడం, పైపు మార్చడం, మళ్ళీ టైల్స్ అతికించడం అన్నీ ఆయనే చేయించారు. మీరూ ఈ పరీక్ష చేయండి. వాల్వు మూసినా చెమ్మ తగ్గకపోతే పై అంతస్తు నుంచి నీరు దిగుతుండవచ్చు. అదీ మీ ఖర్చు కాదు.

గీజరు విషయంలో నాకు నమూనా చట్టంతో కొంత పేచీ ఉంది. ‘గీజరు మరమ్మతు’ అని ఒక్క మాటలో అద్దెదారుపై వేయడం న్యాయంగా అనిపించదు. మన నగరాల్లో చాలా ఇళ్ళకు వచ్చేది బోరు నీరు. దానిలోని ఉప్పు, గీజరులో నీటిని కాచే ఎలిమెంటుపై తెల్లటి పెచ్చులా పేరుకొని దాన్ని తినేస్తుంది. ఎలిమెంటు, వేడిని అదుపు చేసే థర్మోస్టాటు మార్చవలసి వస్తే, మీరు ఎనిమిది నెలలుగా వాడుతున్నారు గనుక, మీరే పెట్టుకోవడం సబబు. లోపలి ట్యాంకే తుప్పు పట్టి కారుతుంటే మాత్రం కొత్త గీజరు కొనవలసింది యజమానే, ఎందుకంటే మీరు వెళ్ళిపోయాక కూడా అది ఆయన ఇంట్లోనే ఉంటుంది. మెకానిక్‌తో ఏది చెడిందో బిల్లుపై రాయించుకోండి.

కుళాయి నిస్సందేహంగా మీదే. రబ్బరు వాషర్ ధర కంటె ప్లంబరు వచ్చిపోయే కూలి ఎక్కువ కాబట్టి, ఇలాంటి పనులు రెండు మూడు కలిపి ఒకేసారి చేయించుకోండి.

యజమానిగా ఇప్పుడు నేను చేస్తున్నది కూడా చెబుతాను. కొత్తవారు దిగే ముందు కుళాయిలు, ఫ్లష్ ట్యాంకు, స్విచ్చులు అన్నీ సరిచేయించి, వారితో కలిసి ప్రతి గదిలో వీడియో తీసి ఇద్దరి ఫోన్లలోనూ ఉంచుతాను. ఒక్కో పనికి వెయ్యి రూపాయల వరకు అద్దెదారు, అంతకు మించితేనూ, గోడలో పైపు, వైరింగు ఏదైనా అయితేనూ యజమాని అని ఒప్పందంలో రాస్తాను. ఇంత పట్టింపుకు కారణం ఉంది: ఆరేళ్ళు ఉన్న ఒక ఇంటిని ఖాళీ చేసేటప్పుడు, ‘పెయింటింగుకు’ అంటూ నా అడ్వాన్సులోంచి ఒక నెల అద్దె కోసుకున్నారు. ఆరేళ్ళలో రంగు వెలవడం మామూలు అరుగుదలే అని చెప్పినా వినలేదు, దిగిన రోజున గోడలు ఎలా ఉన్నాయో చూపడానికి నా దగ్గర ఒక్క ఫోటో కూడా లేదు. ఆ డబ్బు పోయిందన్న బాధ కంటె, ఇంటిని పాడుచేశామన్న నింద మా ఇంట్లో వాళ్ళను ఎక్కువ బాధపెట్టింది.

మీరు ఇప్పుడు చేయవలసింది ఇది. కుళాయి మీరే బాగు చేయించి, ఆ మాట యజమానికి తెలియజేయండి. గోడ ఫోటోలు, వాల్వు పరీక్ష ఫలితం, మెకానిక్ రాసిచ్చిన కాగితం ఆయనకు వాట్సాప్‌లో తేదీతో పంపి, పదిహేను రోజుల గడువు మర్యాదగా అడగండి. ఆయన లిఖితంగా ఒప్పుకోకముందే ఖర్చు పెట్టి అద్దెలో కోసుకోవద్దు. నమూనా చట్టం కూడా ఏ నెలలోనైనా సగం అద్దెకు మించి మినహాయించుకోవడానికి వీల్లేదంటుంది. మూడు నెలల్లో మీ ఒప్పందాన్ని తిరిగి రాసుకోవాలి కదా, పైపుల వాక్యం, గీజరు వాక్యం అప్పుడు తప్పకుండా చేర్పించండి.