నాన్నగారి నిండు చేతుల చొక్కా

ప్రశ్న: మాది గుంటూరు. నాన్నగారికి 58 ఏళ్లు. రెండేళ్లుగా వారానికి మూడుసార్లు డయాలసిస్. ఈ మధ్య ఎవరితోనూ మాట్లాడటం లేదు, అన్నం సరిగా తినడం లేదు. ఫిస్టులా (డయాలసిస్ సూది గుచ్చడానికి ఆపరేషన్‌తో చేతిలో కలిపిన రక్తనాళం) కనబడకుండా మండుటెండల్లోనూ నిండు చేతుల చొక్కానే తొడుక్కుంటున్నారు. మొన్న ‘ఇక నేను రాను, వదిలేయండి’ అన్నారు. రిపోర్టులో అల్బుమిన్ (రక్తంలోని ఒక ప్రొటీన్) తక్కువ, సీఆర్‌పీ (ఒంట్లో వాపు ఉంటే రక్తంలో పెరిగే పదార్థం) ఎక్కువ ఉన్నాయి. డిప్రెషన్ రక్తంలోనే తెలిసిపోతుందని తమ్ముడు అంటున్నాడు. నిజమేనా? - ఓ కూతురు

జవాబు: అమ్మా, మీ ఉత్తరం చదివినప్పటి నుంచి ఆ చొక్కా నా కళ్ల ముందే ఉంది. నలుగురూ చూసి జాలిపడతారని ఉబ్బిన నరాన్ని దాచుకునే మనిషి మనసులో ఇంకెంత దాచుకున్నారో!

ముందు ఆ ‘వదిలేయండి’ అన్న మాట. దాన్ని విసుగని సరిపెట్టుకోకండి. ఈ రోజే పక్కన కూర్చుని, ‘నాన్నా, చనిపోవాలనిపిస్తోందా?’ అని నేరుగా అడగండి. అడిగినందువల్ల లేని ఆలోచన పుట్టదు. అవునంటే ఒంటరిగా ఉంచకుండా ఆ రోజే డాక్టరుకు చూపించండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలిమానస్ 14416కు ఏ వేళలోనైనా ఫోను చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. డయాలసిస్ మాత్రం ఒక్కటి కూడా తప్పనివ్వకండి. తప్పితే ఒంట్లో పొటాషియం పెరిగి గుండెకే ముప్పు.

మీ తమ్ముడి మాటలో సగమే నిజం. డయాలసిస్‌లో ఉండి దిగులుతో బాధపడేవారిలో సీఆర్‌పీ ఎక్కువగా, అల్బుమిన్ తక్కువగా ఉంటున్నట్టు చాలా పరిశీలనల్లో తేలింది. కానీ ఎక్కడైనా ఇన్‌ఫెక్షన్ ఉన్నా సీఆర్‌పీ పెరుగుతుంది, సరిగా తినకపోయినా అల్బుమిన్ పడిపోతుంది. హిమోగ్లోబిన్ తగ్గితే వచ్చే నీరసం కూడా చూడటానికి దిగులులాగే ఉంటుంది. అందుకే ఆ రిపోర్టు ముందు కిడ్నీ డాక్టరుకు చూపించండి. మనసు సంగతి తేల్చేది మాత్రం సైకియాట్రిస్టు ఆయనతో మాట్లాడాకే. ఆకలి, నిద్ర కిడ్నీ జబ్బు వల్లా పోతాయి కాబట్టి, ఒకప్పుడు ఇష్టపడినవి ఇప్పుడు ఇష్టంగా ఉన్నాయా లేదా గమనించి చెప్పండి.

దీనికి చికిత్స ఉందమ్మా. 2019లో వెలువడిన ఒక అమెరికా అధ్యయనంలో కొందరికి డయాలసిస్ జరుగుతుండగానే మాటల చికిత్స చేశారు, మరికొందరికి సెర్ట్రలిన్ అనే డిప్రెషన్ మాత్రలు ఇచ్చారు. 12 వారాల్లో రెండు రకాలవారికీ దిగులు తగ్గింది, మాత్రలవారికి కాస్త ఎక్కువగా. అయితే మందుల దుకాణంలో అడిగి ఏదీ తేవద్దు. ఇద్దరు డాక్టర్లూ మాట్లాడుకుని మోతాదు నిర్ణయించాలి.

ఇంట్లో ‘గోంగూర వద్దు, నీళ్లు వద్దు’ అంటూ రోజంతా వద్దులే వినిపిస్తున్నాయేమో చూడండి. కోడిగుడ్డు తెల్లసొన లాంటివి ఎంత తినవచ్చో డైటీషియన్‌ను అడిగి, తినదగినవాటి గురించే మాట్లాడండి. ఈసారి డయాలసిస్‌కు మీరూ వెళ్లండి. ఆ నాలుగు గంటలూ ఫోను సంచిలో పెట్టేసి, ఆయన చెబితే వినండి. చెప్పకపోయినా పక్కనే ఉండండి.