సిజేరియన్‌లోనే ఫైబ్రాయిడ్ తీయించుకోవడం గురించి

‘ఎలాగూ కడుపు కోస్తున్నారు కదా, సిజేరియన్‌లోనే ఫైబ్రాయిడ్ కూడా తీసేయమంటే ప్రమాదమా?’ అని అడిగారు. ఫైబ్రాయిడ్ అంటే గర్భసంచిలో పెరిగే కండరపు గడ్డ. వాటిలో కొన్నింటిని తీయవచ్చు, కొన్నింటి జోలికి పోకూడదు. నాకు ఒకటి తీశారు, ఒకటి వదిలేశారు. రెండూ సరైన పనులే.

తీసింది గర్భసంచి బయట కాడతో వేలాడుతున్నది. వదిలేసింది పైభాగంలో, కండరంలో లోతుగా కూరుకుపోయిన పెద్ద గడ్డ. గర్భంతో ఉన్నప్పుడు విపరీతమైన నొప్పి పెట్టింది అదే. ‘రెండూ తీసేయమనండి, మళ్ళీ కోత ఎందుకు’ అని మా అత్తగారు పట్టుబట్టారు. డాక్టరమ్మ కూర్చోబెట్టి చెప్పారు: నెలలు నిండిన గర్భసంచికి నిమిషానికి అర లీటరుకు పైగా రక్తం వస్తుంది. మాయ బయటికి వచ్చాక ఆ కండరం గట్టిగా ముడుచుకుంటేనే రక్తం ఆగుతుంది. అప్పుడే అందులో లోతుగా కోస్తే రక్తస్రావం అదుపు తప్పవచ్చు, చివరికి గర్భసంచినే తీసేయాల్సి రావచ్చు. అత్తగారు మళ్ళీ ఆ ఊసు ఎత్తలేదు.

వెన్నులో మత్తు ఇచ్చారు కాబట్టి నేను మెలకువగానే ఉన్నాను. పాప ఏడుపు విన్నాక తెర అవతలి నుంచి డాక్టరమ్మ, ‘కాడ ఉన్నది తీసేస్తున్నానమ్మా, రెండోది ముట్టుకోను’ అన్నారు. ఆ ఒక్క మాటతో నా గుండె కుదుటపడింది. బల్ల మీద ఉన్న మనిషికి చెప్పి చేయడం ఎంత గొప్ప విషయమో! చాలా చోట్ల ఈ సంగతులన్నీ వరండాలో భర్తకు చెబుతారు, కోత పడే ఆడమనిషికి సంతకం పెట్టే కాగితం మాత్రం ఇస్తారు. ఇది నాకు ససేమిరా నచ్చదు.

అలాగని ‘సిజేరియన్‌లో ఫైబ్రాయిడ్ ముట్టుకోనే కూడదు’ అనేవారితోనూ నేను ఏకీభవించను. అది పాత పద్ధతి. అనుభవమున్న సర్జన్, సిద్ధంగా రక్తం, గర్భసంచి ముడుచుకోవడానికి ఆక్సిటోసిన్ అనే మందు ఉంటే, తగినవారిని ఎంచుకుని ఇప్పుడు భద్రంగానే చేస్తున్నారు. బిడ్డను తీయడానికి కోయాల్సిన చోటే గడ్డ అడ్డుగా ఉంటే ఒక్కోసారి తీయక తప్పదు కూడా.

ఇక ‘క్యాన్సరేమో’ అని భయపెట్టే చుట్టాలను దయచేసి దూరం పెట్టండి. ఫైబ్రాయిడ్లు దాదాపు ఎప్పుడూ క్యాన్సర్ కావు. పైగా కాన్పు తర్వాత చాలావరకు వాటంతట అవే చిన్నవవుతాయి. నాకు వదిలేసింది బాగా కుంచించుకుపోయింది, ఇప్పుడు దాని బాధే లేదు.

మీరు స్కాన్ రిపోర్టు పట్టుకుని మీ డాక్టరు దగ్గరికి వెళ్ళి, గడ్డ కాడతో ఉందా, గోడలో ఉందా, కోత పడే చోటికి ఎంత దూరంలో ఉందో అడగండి. రిపోర్టులో సెంటీమీటర్లు రాసి వదిలేస్తారు, అది చాలదు. మీ హిమోగ్లోబిన్ ఎంతో, రక్తం సిద్ధంగా ఉంటుందో లేదో, ఇలాంటి ఆపరేషన్లు ఆ డాక్టరు ఇంతకుముందు చేశారో లేదో తెలుసుకోండి. ఈ మాటలు ఆపరేషన్ తేదీకి ముందే, మీ ఎదుటే జరగాలి.