అక్కా, ఒక మాట: ఆడపడుచుకి ఫస్ట్ కాపీ బ్యాగు పెట్టొచ్చా?

ప్రశ్న: అక్కా, మాది నెల్లూరు. వచ్చే నెల మా ఆడపడుచు పెళ్లి, ఆ పిల్ల బెంగళూరులో సాఫ్ట్‌వేర్. మా తోడికోడలు ఏదో ఖరీదైన వాచీ పెడతా ఉందని తెలిసి నేనూ ఇన్‌స్టాలో ఒక లూయీ విటాన్ బ్యాగు చూశా, ఫస్ట్ కాపీ (అచ్చం ఒరిజినల్ మాదిరే చేసిన నకిలీ), 3,200 అంట, బాక్సు, డస్ట్ బ్యాగు, బిల్లు కూడా ఇస్తామన్నారు. ఒరిజినల్ అయితే లక్షల్లో మాట. మా ఆయనేమో దొంగ సరుకు వద్దంటాడు. ఒరిజినల్ నేను ఎట్టా కొనలేను, మరి నా వల్ల ఆ కంపెనీకి పోయిందేంది? వాళ్ళు అంతంత రేట్లకి అమ్ముకుంటే లేని తప్పు మేం కాపీ కొంటే వచ్చిందా?

జవాబు: ముందు ఆ బిల్లు సంగతి చూద్దాం చెల్లెమ్మా. 3,200కి బ్యాగు అమ్మేవాడు లక్షల బిల్లు ఎందుకిస్తున్నాడు? నీకోసం అయితే కాదు, అది కాపీ అని నీకు తెలుసు. ఆ పిల్ల నమ్మాలని, మీ అత్తగారు పెళ్లిలో నలుగురికీ చూపించుకోవాలని. నీకోసం కొనుక్కుని, అడిగినోళ్ళకి కాపీనే అని నవ్వేసే రకం అయితే నేను నీతో ఇంత వాదన పెట్టుకోను, కానీ పెళ్లి కానుక అని చెప్పి ఒకరి చేతిలో అబద్ధం పెడతా ఉన్నావే, రేపు ఆ పిల్ల ఆఫీసులో ఎవరో జిప్పు చూసి కాపీ అని చెప్తే తలెత్తుకోలేనిది ఆ పిల్ల, నువ్వు కాదు.

కంపెనీ నష్టం గురించి నువ్వన్నది నేను కాదనను. ఎట్టా కొనని బ్యాగు మీద వాళ్ళకి పోయేదేం లేదు, వాళ్ళ కోసం నేను కన్నీళ్ళు పెట్టుకోను కూడా. 2024లో ఇటలీలో మిలాన్ కోర్టు డియోర్ అనే ఇట్టాంటి ఇంకో ఖరీదైన బ్రాండు వాళ్ళ తయారీ కంపెనీని తన పర్యవేక్షణలోకి తీసుకుంది, అప్పుడు బయటపడిందేందంటే షాపులో 2,600 యూరోలకి అమ్మే బ్యాగు చేసిపెట్టినందుకు కాంట్రాక్టరుకి ఇచ్చింది 53 యూరోలు, తోలు ఖర్చు వేరే అనుకో. వర్కర్లు పడుకునేది కూడా ఆ వర్క్‌షాపుల్లోనే. అంత పేరున్నోళ్ళ దగ్గరే ఇట్టా ఉంటే కాపీ బ్యాగు కుట్టే చోట ఎట్టా ఉంటుందో ఎవరు చూడొచ్చారు? డియోర్‌ని కోర్టు నిలదీసిందంటే దానికొక పేరు, అడ్రసు, లెక్కల పుస్తకం ఉండబట్టి. నీ ఇన్‌స్టా పేజీవాడు రేపు పేరు మార్చుకుని వేరే పేజీ తెరుస్తాడు, వాణ్ణి అడిగే నాథుడు లేడు.

చట్టం కూడా చెప్పేస్తా. మన దగ్గర సొంతానికి కొన్నోళ్ళని ట్రేడ్ మార్క్స్ చట్టం, 1999 పట్టుకోదు, అమ్మినోళ్ళకి మాత్రం ఆర్నెల్ల నుంచి మూడేళ్ళ దాకా జైలు, 50 వేల నుంచి 2 లక్షల దాకా జరిమానా. అదే ఫ్రాన్సులో అయితే నకిలీ సరుకు చేతిలో ఉన్నా కస్టమ్స్ వాళ్ళు లాక్కుని జరిమానా వేస్తారు, కొత్త జంట హనీమూన్‌కి పారిస్ అనుకున్నారంటే ఆ బ్యాగు ఇంట్లో పెట్టి పోవాల్సిందే.

ఇక నాకు అసలు మండేది ఇది. జీఐ గుర్తింపు (ఆ పేరు ఆ ఊరి సరుకుకే చెల్లుతుందనే గుర్తింపు) ఉన్న మన వెంకటగిరి చీర (2022లో తిరుపతి జిల్లాలో కలిపారు గానీ మనకది ఇంకా నెల్లూరు వెంకటగిరే) పేరు పెట్టుకుని పవర్‌లూమ్ చీరలు బజార్లో ఎన్ని తిరుగుతున్నాయో నీకు నేను చెప్పక్కర్లేదు. మగ్గం మీద చేత్తో బొమ్మలు నేసే జాందానీ పని అయితే చీర తిప్పి చూడు, చిలకో మామిడి పిందో వెనక కూడా దాదాపు ముందు మాదిరే ఉంటది, మిషను నేతలో అయితే వెనక పోగులు వేలాడతాయి, లేదంటే కత్తిరించిన తుంపులు కనిపిస్తాయి. ఆ దొంగ చీర కొన్నామె కూడా నీ మాటే అంటుంది, "నేను ఎట్టా అసలుది కొనలేను, నేతగాడికి నా వల్ల పోయిందేంది" అని. ఇట్టా అనేవాళ్ళు ఊరికి వందమంది ఉంటే మగ్గం మీద కూర్చున్నాయన రేటు ఎక్కడికి దిగిందో ఆయన్నే అడుగు. 2025లో ప్రాడా అనే ఇటలీ బ్రాండు వాళ్ళు కొల్హాపురి మాదిరి చెప్పులు మిలాన్ షోలో పెట్టి ఆ ఊరి పేరెత్తకపోతే దేశమంతా తిట్టాం, నేనూ తిట్టా. మన పేరు మింగితే కోపం వచ్చేవాళ్ళం వేరేవాళ్ళ పేరు దొంగగా కుట్టిన బ్యాగు సారెలో పెడతామా?

ఆ షేపే నచ్చితే అట్టాంటి బ్యాగే కొను, తప్పేం లేదు, వేరేవాడి పేరూ ముద్రా లేకుండా ఉంటే చాలు, ఆ 3,200కి మంచి తోలు బ్యాగే వస్తది. లేదా ఇంకొంచెం వేసుకుని చేనేతే అని చెప్పే ప్రభుత్వ హ్యాండ్‌లూమ్ మార్క్ చూసి ఒక వెంకటగిరి చీర పెట్టు. తోడికోడలి వాచీతో పోటీ అంటావా, దానికి నా దగ్గర మందు లేదు. మీ ఆయన చెప్పింది మాత్రం కరెక్టు, ఆయనకి చెప్పబాకులే.

ప్రశ్న: అక్కా, ఒంగోలు నుంచి రాస్తున్నా, డిగ్రీ రెండో సంవత్సరం. ఆన్‌లైన్‌లో ఒరిజినల్ అని చెప్పి 70 శాతం డిస్కౌంట్‌లో పంపిన షూస్ ఫేక్ అని తేలింది, వాపసు తీసుకోం అంటున్నారు. సెకండ్ హ్యాండ్ యాప్‌లో ఒరిజినల్ అని పెట్టి అమ్మేస్తే నా డబ్బులు నాకొస్తాయి కదా?

జవాబు: వద్దు తమ్ముడూ. ఇప్పటిదాకా మోసపోయింది నువ్వు, అట్టా అమ్మితే మోసం చేసేది నువ్వు, పైన చెప్పిన జైలూ జరిమానా సెక్షన్లు అమ్మేవాళ్ళకే. 1915కి ఫోన్ చెయ్, అది నేషనల్ కన్స్యూమర్ హెల్ప్‌లైన్, తెలుగులోనే మాట్లాడొచ్చు. ఆర్డర్ పేజీలో "ఒరిజినల్" అని రాసిన స్క్రీన్‌షాటు, పేమెంటు మెసేజి, పార్సిల్ మీద లేబులు, వాళ్ళతో చాటింగ్ అన్నీ దాచు, పేజీ ఎత్తేయకముందే తీసిపెట్టుకో. అప్పటిదాకా ఆ షూస్ వేసుకుని కాలేజీకి పోబాక, సోల్ అరిగిందంటే వాడుకున్నావు కదా అని వాళ్ళు అడ్డం తిరుగుతారు.