జిరాలో మిగిలిన టైమ్ తక్కువ చూపిస్తుంటే

టీమ్ పనుల్ని ట్రాక్ చేసే జిరా సాఫ్ట్‌వేర్‌లో, 16 గంటలని ఎస్టిమేట్ వేసిన టాస్క్‌లో మీరు 10 గంటలు లాగ్ చేశారు, అంటే పని చేసిన టైమ్‌గా నమోదు చేశారు. జిరా 6 గంటలే మిగిలిందంటోంది, నిజానికి ఇంకా 12 గంటల పనుంది, అందుకని ఒరిజినల్ ఎస్టిమేట్‌నే 22కి మార్చేయనా అని అడిగారు. దయచేసి మార్చకండి. మారిస్తే మొదట ఎంత అనుకున్నారో, చివరికి ఎంత పట్టిందో పోల్చి చూసుకునే ఆధారమే పోతుంది.

మీరు లాగ్ చేసిన గంటల్ని జిరా మిగిలిన టైమ్‌లోంచి తీసేస్తుంది, అంతే. పని ఎంత మిగిలిందో చెప్పాల్సింది మనమే. టైమ్ లాగ్ చేసే చోటే, ఎంత పట్టిందని రాసే గడితో పాటు ఎంత మిగిలిందని రాసే గడి కూడా ఉంటుంది. చాలామంది దాన్ని ముట్టుకోరు. అక్కడ 12 గంటలని ఇవ్వండి. అప్పుడు 10, 12 కలిపి 22 అవుతుంది, 16తో పోలిస్తే 6 గంటలు ఎక్కువని మీ మేనేజర్‌కి కూడా ముందే తెలుస్తుంది.

2 రోజులని వేస్తే 16 గంటలే ఎందుకంటారా, మామూలుగా రోజుకు 8 గంటలు, వారానికి 5 రోజులు అన్న లెక్కతో వస్తుంది. మీ టీమ్ లెక్క వేరైతే అడ్మిన్ సెట్టింగ్స్‌లో మార్చగలరు.

ఇంకోటి, టాస్క్ కింద సబ్‌టాస్క్‌లు, అంటే దాన్ని విడగొట్టిన చిన్న పనులు ఉంటే ఎస్టిమేట్ వాటికే వేయండి. అదే పనికి పై టాస్క్‌లోనూ వేస్తే మొత్తం రెండింతలు కనిపిస్తుంది. మా టీమ్‌లో ఈ ఒక్కదానితోనే చాలా రోజులు టెన్షన్ పడ్డాం.